ఆరాధనకు ఇంగ్లీషులో ఏ మాట రాయాలి? (అత్యవసరం)

థేమ్స్_తీరం:
సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. ఆరాధన అనే మాటకు ఇంగ్లీషులో సరైన మాట కావాలి. ఒక నిఘంటువు వర్షిప్ అంటుంది. ఇంకొకటి అడొరేషన్, డివోషన్, వెనరేషన్, రెవరెన్స్, హోమేజ్ అన్నింటినీ ఒకే వరుసలో పెట్టి ఊరుకుంటుంది. ఏది ఎక్కడ వాడాలో ఎవరూ చెప్పరు. వర్షిప్ అని రాస్తే పని జరగదు. రేపు ఉదయానికల్లా పంపాలి. దయచేసి ఒక్క మాట చెప్పండి.

మితాక్షరి:
వర్షిప్.

థేమ్స్_తీరం:
అది కుదరదనే కదండీ రాశాను!

పదమూలం:
ఒక్క మాట అడిగితే ఒక్క మాటతో తేలే విషయం కాదిది. పుట్టుక తెలిస్తే తేడా తెలుస్తుంది. వర్షిప్ పాత ఇంగ్లీషు మాట. విలువ అనే అర్థమున్న వర్త్‌కు షిప్ అనే ప్రత్యయం చేరి యోగ్యత, గౌరవం అనే అర్థాలతో మొదలైంది. ఇంగ్లండులో మేయర్లను, మేజిస్ట్రేట్లను యువర్ వర్షిప్ అని పిలిచే ఆచారం అక్కడిదే. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురితో, నా దేహంతో నిన్ను వర్షిప్ చేస్తాను అంటాడు. అక్కడున్నది గౌరవమే, పూజ కాదు. డివోషన్ లాటిన్ మూలంలో ఉన్నది మొక్కు. రెవరెన్స్ మూలంలో భయం ఉంది. మనం భయభక్తులు అని జంటగా అంటామే, అందులో మొదటిది. అడొరేషన్‌లో నోరు తెరిచి వేడుకోవడం ఉంది. వెనరేషన్‌కూ వీనస్ దేవత పేరుకూ ధాతువు ఒకటే. ఇక హోమేజ్ గుడిలో పుట్టిన మాటే కాదు. సామంతుడు ప్రభువు ముందు మోకరిల్లి, నేను నీ మనిషిని అని ప్రమాణం చేయడం అది.

మితాక్షరి:
ఆయన అడిగింది చరిత్ర కాదు.

పదమూలం:
చరిత్ర తెలియకుండా మాటలు వాడబట్టే నిఘంటువులు అలా ఉన్నాయి.

గుణదల_వాసి:
అసలు ఎవరి ఆరాధన? అది చెప్పకుండా ఎవరైనా ఏం చెప్పగలరు? దేవుడికా, మనిషికా? చదివేది ఎవరు?

థేమ్స్_తీరం:
త్యాగరాజ ఆరాధన అండీ. జనవరిలో వచ్చే ఆరాధన ఇంకేముంటుంది! ఇక్కడ మా తెలుగువాళ్ళం ఏటా చేసుకుంటాం. ఈసారి అద్దెకు దొరికిన హాలు ఒక చర్చిది. కార్యక్రమం ఏమిటో దరఖాస్తులో రెండు వాక్యాల్లో రాయాలి. ఇతర మతాల వర్షిప్‌కు హాలు ఇవ్వబోమని వాళ్ళ షరతుల్లో ఉంది.

మాజీ_అనువాదకుడు:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. నేటి ఇంగ్లీషు వాడుక చూడండి. వర్షిప్ దాదాపుగా దేవుడికే పరిమితమైంది. మనుషుల విషయంలో వాడితే వ్యక్తిపూజ అనే నింద తోస్తుంది. అడోర్‌ను మామిడిపళ్ళకు కూడా వాడుతున్నారు, దరఖాస్తుకు పనికిరాదు. రెవరెన్స్ మనసులో ఉండే భావం, కార్యక్రమం పేరు కాలేదు. డివోషన్ కూడా అంతే. మహాత్ములకు, సాధువులకు, వారి సమాధులకు చూపే భక్తిపూర్వక గౌరవానికి వెనరేషన్ సరిపోతుంది. గతించిన గొప్పవారికి అంజలి ఘటించడానికి హోమేజ్ బాగుంటుంది. మీకు ఈ రెండింటిలో ఒకటి.

గుణదల_వాసి:
వెనరేషన్‌కే నా ఓటు. కతోలికులకు ఈ తేడా ప్రాణంతో సమానం. దేవుడికి ఇచ్చేది లాత్రియా, పునీతులకు ఇచ్చేది దులియా, మరియమాతకు ఇచ్చేది హైపర్‌దులియా. ఫిబ్రవరిలో గుణదల కొండకు వచ్చే జనం మాతను దేవుడిగా కొలవరు, గౌరవించి వేడుకుంటారు. 787లో క్రైస్తవ సంఘ పెద్దల నైసియా రెండో మహాసభ తేల్చినదీ అదే. ప్రతిమలకు వందనం చేయవచ్చు, అసలైన ఆరాధన దేవుడికి మాత్రమే అని. గ్రీకులో రెండింటికీ వేరు వేరు మాటలు ఉన్నాయి. లాటిన్ అనువాదంలో వందనానికి కూడా అడొరేషియో అని రాయడంతో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఆస్థాన పండితులు మండిపడ్డారు. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ ఆ నైసియా తీర్మానాన్ని తిరస్కరించింది. ఒక్క మాట తప్పుపడితే ఎంత గొడవో చూడండి.

ఆదివారం_గాయకుడు:
మీ తేడా మీ సభలు ఒప్పుకున్నాయి, అందరూ ఒప్పుకోలేదు. ఇంగ్లండు సంఘం, అంటే ఆంగ్లికన్ చర్చి, తన విశ్వాసాన్ని ప్రకటించిన 39 సూత్రాలలో 22వది ప్రతిమల, అవశేషాల వర్షిప్‌నూ అడొరేషన్‌నూ కలిపే ఖండిస్తుంది. ఆ హాలు ఎవరిదో కనుక్కోకుండా వెనరేషన్ రాస్తే అనుమానం పెరగవచ్చు. పైగా మా సంఘాల్లో ఆరాధన అంటే ఆదివారం దేవునికి చేసేదే. మనిషికి ఆరాధన అనడమే మాకు కొత్తగా వినిపిస్తుంది.

గుణదల_వాసి:
మేము దివ్యబలిపూజ అంటాం, మీరు ఆరాధన అంటారు. అంతమాత్రాన తెలుగు మాట మీ ఒక్కరిదే కాదు కదా.

వీణ_సాధకురాలు:
పండితులందరికీ నమస్కారం. సందర్భం మాత్రం అందరి చేయీ జారిపోయింది. ఇక్కడ ఆరాధన అంటే మహాత్ములు సిద్ధి పొందిన తిథిన ఏటా చేసే స్మరణ. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామికి పూర్వ, మధ్య, ఉత్తర ఆరాధనలని మూడు రోజులు చేస్తారు. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. తిరువయ్యారులో ఆ రోజున సమాధి దగ్గర ఆయన ఐదు పంచరత్న కీర్తనలు పాడతారు. ఆ సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మను ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. ఆడవాళ్ళకు అక్కడ పాడే చోటు లేని రోజుల్లో ఆమె తన ఆస్తి ఖర్చుపెట్టి నిలబడింది. పంచరత్నాల్లో చివరిదైన శ్రీరాగ కీర్తన కూడా మహానుభావులకు చేసే వందనమే. అందుకే హోమేజ్ అనే మాట నాకు నచ్చింది. కానీ పాటల్లో పిలిచేది రాముణ్ణి. ఉత్త కచేరీ అని రాసి పంపడం నాకు ఇష్టం లేదు.

మితాక్షరి:
దీపం పెడతారా? హారతి ఇస్తారా?

థేమ్స్_తీరం:
చిత్రపటానికి దండ, దీపం. చివర కర్పూరహారతి. ఐదు నిమిషాల పని.

మితాక్షరి:
అయితే అదీ రాయండి. లేకపోతే ఆ రోజు మధ్యలో ఆపించగలరు.

మాజీ_అనువాదకుడు:
ఇది సరైన సలహా. ఆరాధనను అనువదించకండి, పేరు పేరుగానే ఉంచండి. దాని కింద రెండు వాక్యాలు చాలు. వాగ్గేయకారుడైన త్యాగరాజ వర్ధంతికి ఏటా జరిపే కర్ణాటక సంగీత కార్యక్రమమని ఒకటి. చిత్రపటం ముందు దీపం వెలిగించి, పూలమాల వేసి, హారతి ఇచ్చి హోమేజ్ సమర్పిస్తామని రెండోది. ఇంగ్లీషులో హోమేజ్ పక్కన పే అనే క్రియే వస్తుంది, డూ రాయకండి. ఇది వర్షిప్ అవునో కాదో వాళ్ళను నిర్ణయించుకోనివ్వండి. వీలైతే ఫోను చేసి కూడా చెప్పండి.

పదమూలం:
హోమేజ్ అంటే సామంతుడి ప్రమాణమని పైన రాశాను. ఇక్కడ ప్రభువు ఎవరు?

మాజీ_అనువాదకుడు:
ఆ అర్థంలో ఇప్పుడు ఎవరూ వాడటం లేదండీ.

థేమ్స్_తీరం:
రెండు వాక్యాలూ రాసి పంపేశాను. హారతి సంగతీ రాశాను. హాలులో పొగ అలారం ఉందట, కర్పూరం గురించి రేపు ఫోనులో అడుగుతాను. అందరికీ ధన్యవాదాలు.

ఆదివారం_గాయకుడు:
గుణదల వాసి గారూ, 794 సభ గురించి మీరు చెప్పింది సరే, మరి ఆ తిరస్కారాన్ని రోము ఎందుకు ఒప్పుకోలేదో కూడా రాయండి.