కొండ పొలానికి సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్: బరువైన పాత టూవీలా, చిన్న ఫోర్‌వీలా?

కొత్త రైతు:
ఈమధ్యే కొండవాలులో పొలం కొన్నాను. చదును నేల పావు వంతు కూడా లేదు. మిగతాదంతా వాలు, గడ్డి, అక్కడక్కడ రాళ్లు. గడ్డి కోయాలి, ట్రాలీలో కట్టెలు, ఎరువు తోలాలి, కొంచెం దున్నాలి. నా దగ్గరున్న డబ్బుకి రెండు బండ్లు కనిపించాయి. ఒకటి 50 హెచ్‌పీ టూవీల్ డ్రైవ్. పాతదే, బరువైనది, ఇంజన్ బాగుంది, రోల్‌బార్ (బండి తిరగబడితే మనిషిని కాపాడే ఇనప చట్రం) లేదు. రెండోది 30 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్. మడిచే రోల్‌బార్, సీట్ బెల్ట్ ఉన్నాయి. టైర్లు అరిగాయి, ముందు యాక్సిల్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది. నేను ఇంతవరకూ నడిపింది చదును నేల మీదే. ఏది తీసుకోమంటారు?

ముప్పై ఏళ్ల స్టీరింగ్:
తమ్ముడూ, మొదటిదే తీసుకో. బరువుంటేనే టైరు నేలని పట్టుకుంటుంది. వెనక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపు, ముందు వెయిట్లు కట్టు, వెనక చక్రాలని వెడల్పుగా జరుపు. బండి వాలు మీద కదలకుండా కూర్చుంటుంది. ఫోర్‌వీల్ అంటే ఇంకో షాఫ్టు, ఇంకొన్ని గేర్లు, ఇంకొన్ని సీళ్లు. ఇప్పటికే ఆయిల్ కారుతోందని నువ్వే అంటున్నావు. 1946 నుంచి 1956 దాకా తయారైన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లు టూవీలే. వాటితో కొండల్లోనూ సేద్యం చేశారు. నేనూ ముప్పై ఏళ్లుగా వాలు మీద టూవీలే నడుపుతున్నాను.

వాలు పొలం:
అన్నగారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే గట్టిగా కాదంటున్నాను. మీరు చెప్పిందంతా పైకి ఎక్కేటప్పటి మాట. నన్ను భయపెట్టింది కిందికి దిగడం.

ఎండు గడ్డి మీద, వెనక ట్రాలీ నిండా కట్టెలతో దిగుతున్నాను. టూవీల్ బండి. బ్రేక్ తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకున్నాయి, బండి మాత్రం జారుతూనే ఉంది. దిగేటప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. బ్రేకులేమో వెనక చక్రాలకే ఉన్నాయి. వెనక నుంచి ట్రాలీ తోస్తోంది. ఆ రోజు కింద ఉన్న మట్టిగట్టు ఆపింది కాబట్టి ఇది రాస్తున్నాను. ఫోర్‌వీల్ వేసుంటే గేర్‌లో ఉన్న ఇంజన్ బండిని ఆపే బిగింపు ముందు చక్రాలకి కూడా అందుతుంది, వెనక బ్రేక్ పట్టు కూడా షాఫ్టు ద్వారా ముందుకి చేరుతుంది. ఆ తేడా ఎంతో నాకు తెలిసొచ్చింది.

అయినా నా లెక్కలో ఫోర్‌వీల్ రెండో మాటే. మొదటిది రోల్‌బార్. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి దాన్ని తప్పనిసరి చేసింది. లోడుని డ్రాబార్‌కి (బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి) కాకుండా పైనెక్కడో తగిలించి లాగితే ముందు చక్రాలు లేస్తాయి. అక్కణ్ణుంచి వెనక్కి తిరగబడకుండా ఆపడానికి మనిషికి ఒక సెకను టైమ్ కూడా ఉండదు. దూకేద్దాం అనుకునేలోపే అయిపోతుంది. రోల్‌బార్ నిలబెట్టి, బెల్ట్ పెట్టుకుంటే మనిషి ఆ చట్రంలోపలే ఉంటాడు. బార్ లేకపోయినా, మడిచి ఉన్నా బెల్ట్ పెట్టుకోకూడదు, అది మనిషిని బండి కింద కట్టేసినట్టే.

చదును నేల మీదే నడిపిన మనిషికి రోల్‌బార్ లేని బండి కొనమని నేను చెప్పలేను.

ముప్పై ఏళ్ల స్టీరింగ్:
రోల్‌బార్ మాట ఒప్పుకుంటున్నాను. ఆ బండి మోడల్‌కి పరీక్షించి తయారు చేసిన బార్ దొరికితే పాతదానికీ బిగించొచ్చు కదా? మరో సంగతి. ఫోర్‌వీల్ ఉన్నవాళ్లు ఎక్కకూడని చోటికి ఎక్కుతారు. పక్కకి దొర్లే బండికి నాలుగు చక్రాలు తిరిగినా ఒకటే, రెండు తిరిగినా ఒకటే.

వాలు పొలం:
రెండూ నిజమే. మోడల్‌కి సరిపోయే బార్ దొరికితే పాత బండి మీద నా అభ్యంతరం సగం పోతుంది. వెల్డింగ్ షాపులో పైపు వంచి చేయించింది మాత్రం వద్దు. బండి బరువు పడితే అది వంగుతుందో విరుగుతుందో ఎవరికీ తెలీదు.

గ్యారేజీ:
గడ్డి కోస్తామన్నారు కాబట్టి పాత బండి పీటీఓ (ఇంజన్ శక్తిని కోత మిషన్‌కి అందించే వెనక షాఫ్టు) సంగతి కనుక్కోండి. చాలా పాత మోడళ్లలో పీటీఓ గేర్‌బాక్స్ మీదే ఆధారపడి తిరుగుతుంది. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేడ్ల ఊపు షాఫ్టు ద్వారా చక్రాలకి చేరి బండిని ముందుకి నెడుతుంది. వాలు మీద ఇది చాలా ప్రమాదం. అలాంటి బండి అయితే ఒకవైపే పట్టే కప్లింగ్ వేయించాల్సిందే.

ఫోర్‌వీల్ బండికి ఆయిల్ చెమ్మ ఒక్కటే చూసి భయపడొద్దు. సీల్ పోయిందంటే చిన్న పని. లోపల బేరింగ్ అరిగి సీల్‌ని తినేస్తుంటే పెద్ద పని. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తెలిస్తే బేరం ఆపేయండి. టైర్లు మార్చేటప్పుడు సైజు మారకూడదు. ముందు, వెనక టైర్ల లెక్క తప్పితే ఫోర్‌వీల్ గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

కొత్త రైతు:
అందరికీ థ్యాంక్స్. పాత బండి మోడల్‌కి బార్ కోసం అడిగాను, దొరకదన్నారు. అందుకని చిన్నదాన్నే ఆదివారం చూడబోతున్నాను. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని, చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో చూడాలని చెప్పాను. జాకీ తీసుకెళ్తున్నాను. ఇంకేమైనా ఉందా?

ముప్పై ఏళ్ల స్టీరింగ్:
వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చూడు, పొగ గుప్పుగుప్పున కొడితే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు అరిగినట్టే. కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా తొక్కి చూడు, రెండూ ఒకేలా పట్టాలి. కొన్న రోజే ఆ రెండు పెడల్స్‌నీ కలిపి లాక్ వేసెయ్, రెండూ ఒకేసారి పడాలి. వాలు మొదలవకముందే చిన్న గేర్ వేసుకో, దిగడం అయ్యేదాకా క్లచ్ మీద కాలు పెట్టకు.