‘నెమురి నగషి’ని తెలుగులో ఏమనాలి?

జపాన్ ఉత్తరాన ఉన్న అవొమొరిలో నెబుతా పండుగ మ్యూజియం చూసొచ్చాను. పేరు వా రస్సే, 2011 జనవరిలో తెరిచారు. ఆగస్టు 2 నుంచి 7 దాకా వీధుల్లో ఊరేగిన ‘నెబుతా’ బొమ్మల్లో కొన్నింటిని అక్కడ చీకటి హాల్లో వెలిగించి ఉంచుతారు. కొన్నయితే 9 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు. తీగతో కట్టిన చట్రం, దాని మీద వాషీ అనే జపాన్ కాగితం. ఒక యోధుడి కనుబొమ్మ దగ్గర నల్ల సిరా గీత పక్కనే మైనం గీత కనిపించింది. కరిగించిన మైనం పూస్తే రంగు ఆ గీత దాటి పాకదు, లోపలి వెలుతురు కూడా అక్కడ బాగా బయటికొస్తుంది. ఆ ఒక్క కనుబొమ్మ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

ఇక మాట సంగతి. నెబుతా పేరుకు ఎక్కువగా చెప్పే మూలం ‘నెమురి నగషి’ ఆచారం. నెమురి అంటే నిద్ర, నగషి అంటే నీళ్ళలో కొట్టుకుపోనివ్వడం. వేసవిలో పొలం పనికి అడ్డొచ్చే నిద్రమత్తును దీపాలతో పాటు ఏటికి అప్పజెప్పేవారట. పక్కనున్న హిరొసాకిలో పండుగ పేరు ‘నెపుతా’.

‘నిద్రా నిమజ్జనం’ అని రాసుకున్నాను కానీ నచ్చలేదు. నిమజ్జనం అంటే ముంచడం. ఇక్కడ ముంచేదేమీ లేదు. అవొమొరిలో చివరి రాత్రి బహుమతి వచ్చిన నెబుతాలను కూడా పడవలెక్కించి సముద్రం మీద తిప్పుతారంతే. ‘పారించడం’ అంటే చేలకు నీళ్ళు పెట్టడమే గుర్తొస్తుంది. ఇంకేమైనా మాట ఉందా?

జవాబు: నిద్ర అనడంలోనే చిక్కుందండీ. నిద్ర కావలసిందే, పోవలసింది మగత. ‘మగత వదలడం’ అంటే ఎలా ఉంటుంది?

అడిగినవారు: చాలా బాగుందండీ! కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు ‘వదులుతాం’. మొహాన నీళ్ళు కొట్టుకుంటే మగత ‘వదులుతుంది’. రెంటికీ ఒకటే క్రియ ఉందని ఇన్నాళ్ళూ గమనించలేదు.

జవాబు: ‘కునుకు’ ఇంకా తేలికైన మాట కదా?

అడిగినవారు: కునుకు పట్టేది కాసేపే కదండీ. వేసవంతా ఒంటిని పట్టుకుని ఉండేదానికి మగతే సరిపోతుంది. ‘మగతను ఏట్లో వదలడం’ అని రాస్తున్నాను. ‘ఏట్లో’ తీసేస్తే దీపాలు కనిపించవు.