"ఊరిడిచి పోయినారు" అనేదానికి అబ్‌స్కాండ్ అని రాయొచ్చా? తేడా తెలిసినోళ్లు చెప్పండి

ఆదోని జిరాక్స్:
నాది ఆదోనిలో జిరాక్స్, డీటీపీ షాపు, అర్జీలు ఇంగ్లీషులో టైపు చేసిస్తుంటా. మొన్న కోసిగి పక్క పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. కొడుకూ కోడలూ మిరపకాయల కోతకని గుంటూరు పక్కకి సుగ్గికి, అంటే సీజను కూలి పనికి, పోయినారు, మనవరాలు ఐదో తరగతి, ఆ పాపని సీజనల్ హాస్టల్లో (వలస పోయినోళ్ల పిల్లలకి పెట్టేది) చేర్చుకోమని అర్జీ కావాలంట. "అమ్మానాయనా ఊరిడిచి పోయినారు నాయనా, ఇంటికి బీగం" అనింది. షాపులో రష్, నేను గబగబా 'పేరెంట్స్ హ్యావ్ అబ్‌స్కాండెడ్' అని కొట్టిచ్చినా. ఆఫీసులో సారు చదివి "నీ కొడుకు మీద కేసేమన్నా ఉందా, అప్పులు ఎగ్గొట్టినాడా" అని అడిగినాడంట. అవ్వ భయపడి మళ్లా షాపుకొచ్చి ఆ కాగితం నా ముందర పెట్టింది, కింద ఏలిముద్ర నీలంగా అట్లనే ఉంది. నాకు చానా బాధయింది. డిక్షనరీ చూస్తే అబ్‌స్కాండ్, ఎస్కేప్, ఫ్లీ, ఇలోప్, డీక్యాంప్ అన్నిటికీ 'పారిపోవు' అనే రాసిండాది. ఏది యాడ వాడాలో ఎట్ల తెలుస్తుంది?

ప్రొద్దుటూరు టీచర్:
అన్నా, ఒక్క తెలుగు మాట పట్టుకొని అన్నిటినీ కొలిస్తే ఇట్లనే అయితుంది. మన దాంట్లో మాత్రం ఒకటే మాటుందా? పెండ్లిలో భోజనం కాంగానే జారుకుంటాం, డబ్బులెత్తుకొని ఉడాయిస్తారు, ప్రేమించుకున్నోళ్లు లేచిపోతారు, పిల్లోడు అలిగి ఇల్లిడిచి పోతాడు. ఏ ఒక్కటీ ఇంకోదాని చోట పెట్టలేం కదా, ఇంగ్లీషు కూడా అంతే.

ఎస్కేప్ అంటే ముందు పట్టుబడిండాల, లేకుంటే పట్టుబడబోతా ఉండాల, జైలు గానీ బోను గానీ యాక్సిడెంటు గానీ, దాంట్లోంచి తప్పించుకోవడం. ఫ్లీ అంటే వెనకాల ప్రాణభయం తరుముతుండాల, దాంట్లో గుట్టు అవసరం లేదు, వరదొస్తే ఊరు ఊరంతా పట్టపగలే ఫ్లీ అవుతుంది. దీని పాస్ట్ టెన్స్ ఫ్లెడ్, మా పిల్లలు ఫ్లీడ్ అని రాస్తాంటారు, అది తప్పు. స్నీక్ అవుట్ చిన్న విషయం, హాస్టల్ పిల్లోళ్లు గోడ దూకి సెకండ్ షోకి పోయి తెల్లారేలోగా వచ్చి పడుకోవడం.

ఇలోప్ అంటే మన లేచిపోవడమే, ఇద్దరు మనుషులుండాల, అందుకే 'డబ్బుతో ఇలోప్ అయినాడు' అని రాయకూడదు. ఇంకోటి, ఇప్పుడు అమెరికాలో హడావిడి లేకుండా ఇద్దరే పోయి పెండ్లి చేసుకున్నా ఇలోప్ అనే అంటాండారు, ఇంట్లో వాళ్లకి తెలిసినా సరే. అట్లాంటి వార్తని 'లేచిపోయారు' అని తెలుగు చేస్తే ఆ పిల్లని అవమానించినట్టే.

కర్నూలు వకీలు గుమాస్తా:
ముప్పై ఏండ్లుగా కోర్టు కాగితాలే నా పని, అబ్‌స్కాండ్ గురించి నేను చెప్తా. దీని మూలం లాటిన్, అర్థం దాక్కోవడం. పోవడం కాదు, దాక్కోవడం, అది గుర్తు పెట్టుకోండి. వారెంటు ఉన్నోడు ఊరు దాటనే దాటక సొంత మిద్దె పైన గదిలో తలుపేసుకొని కూర్చున్నా అబ్‌స్కాండింగే. పనికోసం వెయ్యి కిలోమీటర్లు పోయినోడు, ఎవురడిగినా యాడుండేదీ చెప్పేటోడు, కానే కాదు.

ఇది ఇంతకుముందు సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, దాంట్లో సెక్షన్ 82, 2024 జూలై 1 నుంచి దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో సెక్షన్ 84. వారెంటు ఇచ్చినాంక మనిషి దాక్కున్నాడని కోర్టు నమ్మితే ప్రకటన ఇస్తాది. దాన్ని ఊర్లో నలుగురికీ వినపడేట్టు చదవాల, ఇంటికి అతికించాల, కోర్టు దగ్గరా అతికించాల, హాజరు కావడానికి తక్కువలో తక్కువ 30 రోజులు గడువియ్యాల. అప్పటికీ రాకుంటే ఆస్తి జప్తు దాకా పోతాది. ఇంత బరువుండే మాట అది. ఆ సారు కేసుందా అని అడగడంలో తప్పు లేదు, ఆ మాట చదివిన ఎవురికైనా అదే తోస్తాది.

డెజర్ట్ అనేది వేరే, దాంట్లో రహస్యంతో పని లేదు, ఉండాల్సిన చోటు, చూసుకోవాల్సిన మనిషిని వదిలేయడం. సిపాయి దండు నుంచి పోయినా అదే, మొగుడు పెండ్లాన్ని వదిలేసినా అదే. హిందూ వివాహ చట్టంలో రెండేండ్లు తగ్గకుండా వదిలేసుంటే విడాకులు అడగొచ్చు.

తాడిపత్రి పిల్లోడు:
ఈ మాట నాకు తగిలింది అన్నా. బెంగళూరులో ఒక కంపెనీలో చేస్తాంటి, మా నాయనకి పక్షవాతం వచ్చిందని ఫోనొస్తే రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చేసినా, పొద్దున్నే మేనేజరుకి మెయిల్ పెట్టినా, ఆస్పత్రి చీటీ కూడా పంపినా. ఇరవై రోజులకి లెటరొచ్చింది, అబ్‌స్కాండింగ్ అని. నాయన మంచం పక్కన కూర్చొని ఫోన్లో అది చదువుకున్నా. ఫోన్ ఆన్‌లోనే ఉంది, అడ్రస్ వాళ్ల దగ్గర ఉంది, నేను యాడ దాక్కున్నా? సెలవు మంజూరు కాకుండా పోయినా అంటే ఒప్పుకుంటా, దానికి అన్‌ఆథరైజ్డ్ ఆబ్సెన్స్ అనే మాటుంది. గుమాస్తా సారు చెప్పిన దాక్కోవడం పాయింటు అప్పుడు నాకు తెలిసుంటే అదే రాసి పంపేటోణ్ని.

ప్రొద్దుటూరు టీచర్:
డీక్యాంప్ ఒకటి మిగిలింది. ఫ్రెంచి నుంచి వచ్చింది, సైన్యం గుడారాలు పీక్కొని పోవడం. మన ఇంగ్లీషు పేపర్లలో చీటీల డబ్బో నగలో ఎత్తుకొని పోయినోడికే వాడతారు, అంటే ఉడాయించడం. చెప్పాపెట్టకుండా పోవడాన్ని ఇంగ్లీషోళ్లు ఫ్రెంచ్ లీవ్ అంటారు, అదే పనిని ఫ్రెంచోళ్లు ఇంగ్లీషోళ్ల మాదిరి పోవడం అంటారు.

అన్నా, ఆ అవ్వ అర్జీలో 'హ్యావ్ గాన్ టు గుంటూరు ఫర్ సీజనల్ వర్క్' అని రాయి, చాలు.

ఆదోని జిరాక్స్:
అందరికీ థ్యాంక్స్. అవ్వని రేపు పొద్దున రమ్మన్నా, డబ్బులు తీసుకోకుండా మళ్లీ టైపు చేసిస్తా. వాళ్లుండే ఊరు పేరు, పనికి తీసకపోయిన మేస్త్రీ ఫోన్ నంబరు కూడా అర్జీలోనే పెడతా. అవ్వ కొంగుముడిలో ఒక చీటీ మీద రాసుకొని పెట్టుకుంది, ఆ రోజే చూపిచ్చింది, నేనే అవసరం లేదులే అవ్వా అన్నా.