నిండిన షెల్టర్ ‘చెప్పిన రోజున రండి’ అనవచ్చా?

ఆదివారం వలంటీర్:

ఆరేళ్లుగా ఒక జంతువుల షెల్టర్‌లో వారానికి ఒక రోజు బోనులు కడగడం, కుక్కలను నడకకు తీసుకువెళ్లడం చేస్తున్నాను. తలుపు తెరిచి ఉన్న వేళల్లో ఎవరు ఏ జంతువును తెచ్చినా కాదనకుండా తీసుకోవాలన్నదే ఇంతకాలం అక్కడి నియమం. ఇటీవల అది మారింది. గాయపడినవి, జబ్బుపడినవి, మనుషులకు ప్రమాదం కలిగించేవి ఎప్పుడు తెచ్చినా తీసుకుంటారు. యజమాని తానుగా వదులుకోదలచిన పెంపుడు జంతువును మాత్రం ముందుగా ఫోన్ చేసి, వారు చెప్పిన రోజునే తీసుకురావాలి. ఇదంతా జంతువుల మేలు కోసమేనని నిర్వాహకులు చెబుతున్నారు.

నాకు ఇది సమ్మతంగా లేదు. కుక్కను వదులుకోవాలన్న నిర్ణయానికి వచ్చి, దాన్ని వెంటబెట్టుకుని గడప దాకా వచ్చిన మనిషిని పది రోజుల తర్వాత రమ్మంటే, ఆ పది రోజులూ ఆ కుక్క ఏ స్థితిలో ఉంటుందో ఎవరు చూస్తారు? రాత్రి గేటుకు కట్టేసి వెళ్లిపోయేవారు, దూరంగా రోడ్డు పక్కన దింపేసేవారు లేరా? షెల్టర్ పుట్టిందే ఎవరికీ అక్కరలేని జంతువు కోసం. మీ అభిప్రాయాలు చెప్పండి.

చేరికల బల్ల దగ్గర ఉద్యోగిని:

వలంటీర్ గారూ, మీ ఆవేదన నాకు తెలియనిది కాదు. వేరొక షెల్టర్‌లో జంతువులను చేర్చుకునే పని నాదే కాబట్టి ‘ఇవాళ కాదు’ అనే మాట నా నోటితోనే చెప్పవలసి వస్తుంది. అయినా ఒక లెక్క చూడండి. రోజుకు 4 జంతువులు వచ్చి, ఒక్కొక్కటి సగటున 20 రోజులు ఉంటే, ఏ రోజు చూసినా లోపల 80 ఉంటాయి. అదే సగటు 30 రోజులకు పెరిగితే 120 అవుతాయి. బయటి నుంచి ఒక్కటి కూడా అదనంగా రాలేదు, ఉన్నవే ఆలస్యంగా బయటికి వెళ్లాయి. అంటే షెల్టర్ కిక్కిరిసిపోవడానికి వచ్చేవాటి సంఖ్య ఎంత కారణమో, ఉండే రోజులు అంతే కారణం. కిక్కిరిసిన కొద్దీ టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, స్వభావ పరిశీలన అన్నీ వెనకబడతాయి. అవి వెనకబడితే దత్తత వెనకబడుతుంది, ఉండే రోజులు మళ్లీ పెరుగుతాయి.

శుభ్రం చేయడానికి, మేత పెట్టడానికి ఒక్కో జంతువుకు రోజుకు కనీసం 15 నిమిషాలు కావాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. 40 జంతువులకు 10 గంటలు, 80 జంతువులకు 20 గంటలు. మనుషులు పెరగకుండా జంతువులు రెట్టింపైతే ఒక్కొక్కదానికి మిగిలేది ఏడున్నర నిమిషాలే. మీరు ఆదివారం కడిగే బోను మిగతా రోజుల్లో ఎలా ఉంటుందో ఒకసారి చూసి రండి, ఎత్తిపొడుపుగా అనడం లేదు. అమెరికాకు చెందిన షెల్టర్ పశువైద్యుల సంఘం 2010లో మార్గదర్శకాలు వెలువరించినప్పుడే, సంరక్షించగల శక్తికి మించి జంతువులను ఉంచుకోవడం అంగీకరించరాని పద్ధతి అని స్పష్టంగా రాసింది. 2022లో వచ్చిన రెండవ కూర్పులో కూడా ఆ మాట సడలలేదు.

ఎనిమిది పిల్లుల ఇల్లు:

మా ఇంట్లో ఈ ఎనిమిదీ చేరింది ‘ఇవాళ కాదు’ అన్న మాట వల్లే. లెక్కలు బాగానే ఉన్నాయి కానీ, మీరు తీసుకోని ఒక్కో జంతువు 15 నిమిషాల పనీ మా ఇళ్లమీద పడుతోందన్న సంగతి కూడా రాసుకోండి.

పశువైద్యురాలు:

వైద్యపరంగా రెండు మాటలు చెబుతాను. పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకిన కుక్కపిల్ల గడప దాటేటప్పుడు ఆరోగ్యంగానే కనిపించవచ్చు. లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది, ఆలోపే అది వైరస్‌ను విసర్జించడం మొదలుపెడుతుంది. ఆ వైరస్ మట్టిలో, నేల పగుళ్లలో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు సబ్బు నీటికి చావదు. అందుకే షెల్టర్లలో టీకాను చేరిక సమయంలోనే వేయాలంటాం. కుక్కపిల్లలకు 4 వారాల వయసు నుంచే మొదలుపెట్టి, సుమారు 2 వారాలకొకసారి వేస్తూ 20 వారాల వరకు కొనసాగించాలంటాం. ఒకే మధ్యాహ్నం పదిహేను జంతువులు వచ్చిపడితే ముందుగా చెడిపోయేది ఈ పద్ధతే. పిల్లులలో హెర్పిస్ వైరస్ చాలావాటి ఒంట్లో నిద్రాణంగా ఉండి, భయానికి, ఒత్తిడికి లోనైనప్పుడు తిరగబెడుతుంది. కిక్కిరిసిన గదిలో పిల్లులన్నీ తుమ్ముతున్నాయంటే ఆ జబ్బు ప్రతిసారీ బయటినుంచి వచ్చిందని అనుకోనక్కరలేదు, అక్కడి ఇరుకే దాన్ని లేపి ఉండవచ్చు. దాక్కోవడానికి బోనులో ఒక అట్టపెట్టె పెట్టినా ఎంతో కొంత మేలు జరుగుతుంది.

రెండవ మాట. ‘దొరికాయి’ అని తెచ్చే పిల్లికూనల విషయంలో ఆగమనడమే చాలాసార్లు సరైన వైద్యం. తల్లి కొన్ని గంటలు బయటికి వెళ్లడం మామూలే. కూనలు వెచ్చగా, శుభ్రంగా, అరవకుండా పడుకుని ఉన్నాయంటే తల్లి ఉన్నట్టే లెక్క. వాటిని తెచ్చి ఇస్తే రాత్రింబగళ్లు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, రాత్రి సిబ్బంది లేని చోట అది జరిగే పని కాదు. కూనలు పాలు మరిచాక తల్లికి ఆపరేషన్ చేయించమని అదే ఫోన్‌లో చెప్పి, రోజు కూడా ఇస్తే ఇంకా మంచిది. పిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కాగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, పాలిస్తున్న కాలంలోనే మళ్లీ చూలు కూడా కావచ్చు.

అయితే ఈ వైద్య కారణాలను తలుపు మూయడానికి సాకుగా వాడుకుంటే నేను ఒప్పుకోను. ఆగమన్న ప్రతి ఒక్కరికీ ఆ ఆగే రోజుల్లో ఏం చేయాలో చెప్పాలి.

ఆదివారం వలంటీర్:

చేరికల ఉద్యోగిని గారి లెక్కను నేను కాదనడం లేదు, కాగితం మీద వేసి చూశాను, సరిగానే ఉంది. నా అభ్యంతరం ఆ లెక్కలో లేని జంతువు గురించి. వచ్చినవాటిలో 90 శాతం ప్రాణాలతో బయటికి వెళితే ఆ షెల్టర్‌ను ‘చంపని షెల్టర్’ అని పిలుచుకోవడం చాలాచోట్ల వాడుకగా మారింది. ‘వచ్చినవి’ అంటే ఏవి? గడప దగ్గర ఆపేసినవి అందులో లేవు కదా. వంద జంతువులను తీసుకుని తొంభైని కాపాడిన షెల్టర్, మరుసటి ఏడాది ముసలివాటిని, కరిచేవాటిని, మందులు అవసరమైనవాటిని ‘తర్వాత చూద్దాం’ అని దాటవేసి, సులభంగా దత్తతకు పోయే అరవైని మాత్రమే తీసుకుంటే, ఆ శాతం ఇంకా పెరుగుతుంది. అది చూసి మనం చప్పట్లు కొడతాం. ఈ పద్ధతి పెట్టినవారందరూ ఇలా చేస్తారని నేను అనడం లేదు, చేసినా బయటికి తెలియదన్నదే నా భయం.

లండన్‌లో 1860లో మేరీ టీల్బీ తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కల కోసం తాత్కాలిక ఆశ్రయం తెరిచారు. 1871లో అదే నగరంలోని బాటర్సీకి మారిన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. దాని తొలి పేరులోనే ‘తాత్కాలిక’ అన్న మాట ఉండడం మీ వాదనకు బలమేనని ఒప్పుకుంటాను. కానీ ‘తప్పిపోయిన’ అన్న మాట కూడా ఆ పేరులోనే ఉంది. రోడ్డు మీద దొరికిన కుక్క తరఫున ఫోన్ చేసి రోజు అడిగేది ఎవరు?

చేరికల బల్ల దగ్గర ఉద్యోగిని:

తప్పిపోయినవాటికి రోజు ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. అవి రాగానే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ (మైక్రోచిప్) ఉందేమో యంత్రంతో చూస్తాం. చాలామంది ఆ చిప్ జంతువు ఎక్కడుందో చూపిస్తుందని అనుకుంటారు. అందులో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే, దాని ఎదుట నమోదైన ఫోన్ నంబరు మారిపోయి ఉంటే ఆ చిప్ ఉండి కూడా ఉపయోగం తక్కువ. ఇది చదువుతున్నవారిలో చిప్ వేయించినవారు ఒకసారి మీ నమోదు వివరాలు సరిచూసుకోండి. చర్చకు కాస్త పక్కదారే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కుక్కను అప్పగించినవాడు:

ఇక్కడ మాట్లాడుతున్నవారిలో జంతువును నిజంగా వదులుకున్నది నేనొక్కడినే అనుకుంటాను. తిట్టదలచినవారు తిట్టండి, ముందు విషయం వినండి. ఇల్లు మారవలసి వచ్చింది, కొత్త ఇంటివారు కుక్కను ఒప్పుకోలేదు. ఒక షెల్టర్‌కు మూడు రోజులు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. మూడవ రాత్రి దాన్ని ఆ గేటుకు కట్టేసి వద్దామన్న ఆలోచన నాకు నిజంగానే వచ్చింది. అంతవరకు అలా చేసేవారిని రాక్షసులనుకునేవాడిని.

నాలుగవ రోజు ఫోన్ ఎత్తిన మహిళ తొమ్మిది రోజుల తర్వాత రమ్మన్నారు. మొదట కోపం వచ్చింది. కానీ ఆవిడ అక్కడితో ఆపలేదు. బంధువులలో, స్నేహితులలో ఎవరినైనా అడిగారా, ఒంటరిగా ఉన్నప్పుడు అరుస్తుందా, పిల్లలతో ఎలా ఉంటుంది, టీకాలు ఎప్పుడు వేయించారు అని అరగంట సేపు అడిగారు. ఆ తొమ్మిది రోజుల్లో నేను బాకీ పడిన టీకా వేయించాను, దాని అలవాట్లు రెండు పేజీలు రాశాను. ఉరుముకు భయపడి మంచం కిందికి దూరుతుందని, మెడపట్టీ పట్టుకుని లాగితే పళ్లు చూపిస్తుంది కానీ కరవదని కూడా రాశాను. దాన్ని ఉంచుకోలేకపోయాను, అది వేరే మాట. ఆ కాగితం చదివిన ఒక కుటుంబం దాన్ని త్వరగానే తీసుకువెళ్లిందని తర్వాత తెలిసింది. గేటుకు కట్టేసి ఉంటే, పట్టీ పట్టుకున్న మొదటి మనిషికి పళ్లు చూపించినందుకే దాని పేరు ప్రమాదకరమైన కుక్కల జాబితాలో చేరి ఉండేది.

అందుకే తొమ్మిది రోజులు ఆగమన్నందుకు నాకు ఫిర్యాదు లేదు. ఎవరూ ఎత్తని ఆ మూడు రోజుల ఫోన్ గురించే నా ఫిర్యాదు.

ఎనిమిది పిల్లుల ఇల్లు:

మిమ్మల్ని తిట్టడానికే రాయబోయాను, మానుకున్నాను. ఆ రెండు పేజీల పని ప్రతివారూ చేస్తే మా ఇంట్లో ఎనిమిది ఉండవు.

ఆదివారం వలంటీర్:

నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. ఫోన్ ఎత్తే మనిషి ఉండి, ఆగే రోజులకు మేతో, మందో, శిక్షణ సలహానో, కొద్ది రోజులు ఇంట్లో ఉంచుకునే సంరక్షకులో ఏదో ఒక ఆసరా చూపించి, అస్సలు ఆగలేనివారిని ఆ రోజే చేర్చుకునే వెసులుబాటు ఉంటే, రోజు ఇవ్వడాన్ని నేను వ్యతిరేకించను. ఇవేవీ లేకుండా గోడకు కాగితం అంటించి అదే పద్ధతి అంటే మాత్రం ఒప్పుకోను. మా షెల్టర్‌లో ప్రస్తుతం ఉన్నది ఆ కాగితమే. దాన్ని సమావేశంలో అడుగుతాను.

ఉద్యోగిని గారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. మీరు రోజు ఇచ్చినవారిలో ఆ రోజున రానివారు ఉంటారు కదా. వాళ్ల జంతువులు ఏమయ్యాయి?

చేరికల బల్ల దగ్గర ఉద్యోగిని:

కొందరు మనసు మార్చుకుని ఉంచుకున్నామని వాళ్లే ఫోన్ చేసి చెబుతారు. మిగతావారి పేర్ల పక్కన ‘రాలేదు’ అని రాసి పేజీ తిప్పేస్తాం. తిరిగి ఫోన్ చేసి అడిగే పని మా దగ్గర ఎవరికీ అప్పగించలేదు. సోమవారం నుంచి పాత పుస్తకం తీసుకుని నేనే చేస్తాను, ఏం తెలిసినా ఇక్కడ రాస్తాను.