అన్ని దేశాలకూ ఒకటే మానసిక ఆరోగ్య ప్యాకేజీ: మనకు పనికొస్తదా, ఆ పైసలు వేరేచోట పెట్టాలా?

హన్మకొండ టెస్టర్
మా కంపెనీకి చాలా దేశాల్లో ఆఫీసులున్నాయి. ఈ ఏడాది ఉద్యోగుల మానసిక ఆరోగ్యం కోసమని అందరికీ ఒకటే ప్యాకేజీ ఇచ్చారు: ధ్యానం యాప్, 24 గంటల కౌన్సెలింగ్ ఫోన్ లైన్, నెలకో వెబినార్. ఎలా ఉందో చెప్పమని సర్వే కూడా పంపారు, ఈ నెలాఖరు దాకా టైం ఉంది. నింపే ముందు మీ అందరి మాట వినాలనుంది.

వరంగల్ దగ్గర మడికొండలో మా టీం టెక్సస్ క్లయింటుకు పనిచేస్తుంది. వాళ్లకు పొద్దున 9 గంటల మీటింగ్ అంటే మనకు రాత్రి 7:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పగానే అది 8:30 అవుతుంది, మళ్లీ మార్చి దాకా అంతే. వాళ్ల రోజులో ఏ తేడా రాదు, మా టీంలో చంటిపిల్లలున్న వాళ్లకు మాత్రం పిల్లలను పడుకోబెట్టే టైం పోతుంది. ఈ గంట గురించి ఆ ప్యాకేజీలో ఒక్క ముక్క లేదు. నా లెక్కలో ముందు పని గంటలు సరిచేయాలి, తర్వాత మేనేజర్లకు నేర్పాలి, ఆ తర్వాత తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ కావాలి, యాప్ సంగతి చివరికి చూసుకోవచ్చు. మీరేమంటారు?

కాజీపేట ప్యాసింజర్
నేను ఒప్పుకోను బ్రదర్. ఆ టైం తేడా ఉండబట్టే ఈ ఉద్యోగాలు మన దాకా వచ్చాయి. 2020 జనవరిలో మడికొండలో పెద్ద ఐటీ క్యాంపస్‌లు తెరిచినప్పుడు హైదరాబాద్ హాస్టల్ గదులు ఖాళీ చేసి ఇంటికొచ్చిన వాళ్లలో నేనూ ఉన్నా, అమ్మ చేతి అన్నం తింటూ పనిచేయడం కన్నా మానసిక ఆరోగ్యం ఏముంటుంది? గంటల గురించి గట్టిగా అడిగితే ప్రాజెక్టు ఫిలిప్పీన్స్‌కో పోలండ్‌కో పోతుంది, అప్పుడు వచ్చే టెన్షన్ ఎవరు తీరుస్తారు? మా నాయిన గోదావరిఖనిలో ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టు చేశాడు. జీతం టైంకు వేయాలి, ఉన్నట్టుండి తీసేయొద్దు, కంపెనీ ఈ రెండూ చేస్తే చాలు. మిగతాది ఇంట్లో వాళ్లతో, దోస్తులతో చూసుకునేది.

ఇంకోటి, మనసులో మాట కంపెనీకి చెప్తే అది అప్రైజల్ దాకా పోదని ఎవరు హామీ ఇస్తారు? శుక్రవారం కాల్‌లో అందరూ ఎలా ఫీలవుతున్నారో ఒక్కొక్కరే చెప్పాలని మా దగ్గర మొదలుపెట్టారు. చెప్పుకోవడం ఇష్టం లేనివాడికి అదే పెద్ద నరకం.

హెచ్ఆర్‌లో పనిచేస్తా
కాజీపేట తమ్ముడూ, శుక్రవారం కాల్ విషయంలో నీ మాట నూటికి నూరుపాళ్లు నిజం, నలుగురి ముందు మనసు విప్పమనడం ఎవరికైనా తప్పే. ఫోన్ లైన్ సంగతి వేరు. మా దగ్గర అది బయటి సంస్థ నడుపుతుంది, ఎంతమంది కాల్ చేశారన్న సంఖ్య తప్ప పేర్లు మాకు రావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలనే చెప్తుంది. అయినా కాల్ చేసేవాళ్లు చాలా తక్కువ, ఎందుకో కూడా చూశాను. ఎత్తగానే ఇంగ్లిష్‌లో పలకరిస్తారు, తెలుగు కావాలంటే అపాయింట్‌మెంట్ ఇస్తామంటారు. రాత్రి రెండింటికి ఏడుస్తూ ఫోన్ చేసినవాడు గురువారం మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ దాకా ఆగుతాడా?

పై నుంచి వచ్చే స్లైడ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఎప్పుడూ ఉంటుంది: డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయి, నష్టం లక్ష కోట్ల డాలర్లని. అదే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పనిభారం, పనివేళలు సరిచేయడం, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం కూడా ఉన్నాయి. స్లైడులోకి మాత్రం డాలర్ల లెక్కే వస్తుంది, పనివేళల మాట రాదు. ఎందుకంటే యాప్ కొనడానికి ఒక్క సంతకం చాలు, క్లయింటుతో మీటింగ్ టైం గురించి మాట్లాడాలంటే సేల్స్ వాళ్లను ఒప్పించాలి.

చట్టం ఉన్నచోట మాత్రం కంపెనీలు వింటున్నాయి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి 50 మందికి పైగా ఉన్న కంపెనీలు పని అయ్యాక ఫోన్, మెయిల్ వదిలేసే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాల్సిందే. ఆస్ట్రేలియాలో 2024లో అలాంటి హక్కే వచ్చింది. మన దగ్గర 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి హక్కు కోసమే లోక్‌సభలో ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. పైగా 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతి ఇచ్చింది, వారానికి 48 గంటల పరిమితి మాత్రం ఉంచింది. కాబట్టి ఒకే కంపెనీలో పారిస్ ఉద్యోగికి ఒక సాయంత్రం, మడికొండ ఉద్యోగికి ఇంకో సాయంత్రం. ప్యాకేజీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

నయీంనగర్ మెడికల్ షాప్
నేను ఐటీ కాదు. కానీ రాత్రి షాపు మూసే టైంలో క్యాబ్ ఆపి నిద్రమాత్రలు అడిగే పిల్లలు పెరిగారు. ఆల్ప్రజోలం లాంటివి డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వం, ఇచ్చినప్పుడు రిజిస్టర్‌లో రాయాలి. చీటీ తెమ్మంటే, డాక్టర్ దగ్గరికి పోవాలంటే పొద్దున లేవాలి కదా అంకుల్ అంటారు. 14416కు చేయమని నంబర్ రాసిస్తా. అది కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అలాగని ఆ నంబర్ గోడకు అంటించి కంపెనీ చేతులు దులుపుకుంటే మాత్రం కుదరదు.

జగిత్యాల చెల్లె
మీరందరూ ఐటీ గురించే మాట్లాడుతున్నారు. మా అన్న దుబాయ్‌లో బిల్డింగ్ పనుల కంపెనీలో చేస్తాడు, అందులోనూ పది దేశాల వాళ్లున్నారు, మరి వాళ్లు ఉద్యోగులు కారా? అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని రూలుంది. ఒంటికి ఆ మాత్రం రక్షణ ఉంది. మనసు గురించి అడిగే దిక్కు లేదు.

మా నాయిన పోయినప్పుడు అన్నకు లీవు ఇవ్వలేదు. వీడియో కాల్‌లోనే చూశాడు, తలకొరివి మా చిన్నాయన కొడుకు పెట్టాడు. తెల్లారి నాలుగున్నరకు బస్సెక్కి మళ్లీ పనికి పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఎప్పుడు ఫోన్ చేసినా జ్వరం అనేవాడు. అది జ్వరం కాదని రూంలో ఉండే కోరుట్లాయన చెప్తే తెలిసింది, అన్నం తినడం లేదు, నిద్ర పోవడం లేదట. ఆ సూపర్‌వైజర్‌కు ఎవరూ ఏమీ నేర్పలేదు. నాయిన చచ్చిపోయినవాణ్ని పది రోజులు ఇంటికి పంపితే వాడు మళ్లీ మనిషి అవుతాడని నేర్పాలా అసలు? ఇంట్లో ఎవరన్నా పోతే లీవు, టికెట్, నెల తిరిగేసరికి జీతం, పాస్‌పోర్ట్ తన దగ్గరే ఉండడం, క్యాంపులో మన భాష వచ్చిన ఒక్క మనిషి. మాకు కావాల్సిన ప్యాకేజీ ఇదే.

కాజీపేట ప్యాసింజర్
చెల్లె, నీ మాటకు ఎదురు చెప్పడానికి ఏం లేదు. అది ఆరోగ్య పథకం కంటే ముందు ఉండాల్సిన మనిషితనం. ఐటీ విషయంలో మాత్రం నా భయం నాకుంది, గంటలు అడిగిన టీమే ప్రాజెక్టు లేక బెంచ్ మీదికి పోతుంది.

హన్మకొండ టెస్టర్
అన్నా, అమెరికా కాల్స్ ఆపమని ఎవరన్నారు? భారం ఇద్దరూ పంచుకోవాలంటున్నా. నెలలో రెండు వారాలు వాళ్లు పొద్దున 7కే కూర్చుంటే మనకు సాయంత్రం 5:30 అవుతుంది, చలికాలంలో 6:30. మిగతా రెండు వారాలు మనం ఆలస్యంగా ఉంటాం. రాత్రి కాల్ ఉన్న మరుసటి రోజు ఆలస్యంగా మొదలుపెట్టొచ్చని మేనేజర్ నోటిమాటగా చెప్తే సరిపోదు, పాలసీలో రాయాలి. ఇంత అడిగితే పోయే ప్రాజెక్టు రేపు ఇంకో రూపాయి తక్కువకు ఎవరన్నా చేస్తామన్నా పోయేదే.

జగిత్యాల చెల్లె చెప్పిన లీవు మా సర్వేలో కూడా రాస్తా. మా పాలసీలో దగ్గరివాళ్లు పోతే ఇచ్చేది మూడు రోజులే, ఇంటి కర్మలు పదకొండో రోజు దాకా ఉంటాయి. హెచ్ఆర్ అక్కా, ఇన్సూరెన్స్ గురించి ఏమన్నా అడగొచ్చా?

హెచ్ఆర్‌లో పనిచేస్తా
తప్పకుండా అడగాలి. 2017 చట్టం ప్రకారం ఒంటి జబ్బుకు ఎలా ఇస్తారో మనసు జబ్బుకూ బీమా అలాగే ఇవ్వాలి. చిక్కెక్కడంటే చాలా గ్రూప్ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు కడతాయి. సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయేవాళ్లలో ఎక్కువమందికి చేరే అవసరం రాదు, నెలనెలా ఫీజు, మందులే ఖర్చు. కాబట్టి సర్వేలో ‘సైకియాట్రీ ఓపీడీ ఫీజు, మందులు పాలసీలో కలపాలి’ అని ఆ మాటలతోనే రాయండి, ఓపీడీ అంటే ఆసుపత్రిలో చేరకుండా డాక్టర్‌కు చూపించుకోవడం. మానసిక ఆరోగ్యానికి ఇంకా చేయాలని మామూలుగా రాస్తే ఇంకో యాప్ వస్తుంది. పాలసీ ఏడాదికోసారి రెన్యువల్ అవుతుంది, బీమా కంపెనీతో బేరం దానికి రెండు మూడు నెలల ముందే మొదలవుతుంది. మీ కార్డు మీద తేదీ చూసి అంతకుముందే, వీలైనంత ఎక్కువమంది కలిసి పంపండి.