డెమోలో అదిరిపోయిన థీమ్, మన తెలుగు మేటర్ పెట్టగానే పాడైపోయింది. మార్చాలా, బాగు చేసుకోవాలా?

గవర్నర్‌పేట_కార్డులు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో పెళ్లికార్డుల షాపు. మూఢం కదా, ముహూర్తాల్లేక కౌంటర్ దగ్గర ఈగలు తోలుకుంటున్నాం, ఈ ఖాళీలోనే వెబ్‌సైట్ పని తేల్చేద్దామని కూర్చున్నాను. వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) డబ్బులు పెట్టి ఒక థీమ్, అంటే సైటుకి రెడీమేడ్ డిజైన్, కొన్నాను, డెమో చూస్తే మతిపోయింది, స్క్రీన్ నిండా ఒక్క ఫోటో, దాని మీద సన్నటి అక్షరాలతో మూడే మూడు ఇంగ్లిష్ మాటలు.

ఇప్పుడు నా గోడు వినండి. మా మేటర్ తెలుగులో పెట్టగానే హెడింగుల్లో ఒత్తులు కిందికి తెగిపోతున్నాయి, రెండు లైన్లయితే పై లైను ఒత్తు కింది లైను గుడి మీద కూర్చుంటోంది. షాపులో కార్డులు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేటర్ కాపీ చేసి పెడితే మొత్తం పిచ్చి గీతలు. కార్డుల ఫోటోలన్నీ థీమ్ దానంతట అదే చతురస్రంగా కోసేస్తోంది, కార్డు పైన వినాయకుడు ఉంటాడు కదా, ఆయన తల ఎగిరిపోయింది, నాన్న చూసి "శుభమా అని మొదలుపెడుతూ ఇదేంట్రా" అని ఒకటే గొడవ. వీటన్నిటినీ థీమ్ ఫైళ్లలోకి వెళ్లి రెండు రోజులు కూర్చుని కొంత సరిచేశాను, నిన్న అప్‌డేట్ నొక్కితే అంతా మొదటికొచ్చింది.

వేరే థీమ్ చూసుకోనా? ఇదే తిప్పలు పడనా?

బ్రాడీపేట_4వ_లైను:

వినాయకుడికి తల పోవడం ఇది రెండోసారి, కంగారు పడకు తమ్ముడూ, ఈసారి ఏనుగును వెతకాల్సిన పని లేదు.

ముందు ఒక మాట. మీ షాపుకొచ్చినవాళ్లు ఏం చేస్తారు? శివకాశి నుంచి వచ్చిన శాంపిల్ కార్డు చూసి పడిపోతారు, అందులో వధూవరుల పేర్లు చిన్నగా ఉంటాయి, తల్లిదండ్రుల పేర్లు ఒక్క లైను. తీరా వీళ్ల మేటర్ తెచ్చాక తాతయ్యలు, అమ్మమ్మలు, ఆహ్వానించు బంధువులు అందరూ కలిసి పేజీ పట్టరు. అప్పుడు మీ నాన్నగారు "ఈ కార్డుకి మీ మేటర్ పట్టదండీ, ఇంకోటి చూడండి" అంటారు కదా. నువ్వు సరిగ్గా ఆ కస్టమర్ చేసే తప్పే చేశావు. గుంటూరులో పదేళ్లుగా సైట్లు చేస్తున్నాను, నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం ఇవే. డెమోలో నచ్చింది థీమ్ కాదు, ఆ ఫోటో. ఆ ఫోటో చాలాసార్లు కొన్న ఫైళ్లలో రాదు కూడా.

అయినా నీ థీమ్ మార్చక్కర్లేదనిపిస్తోంది, నువ్వు చెప్పినవి చిన్న జబ్బులే.

ఒత్తుల సంగతి. ఇంగ్లిష్ హెడింగ్‌కి లైన్ హైట్ (అక్షరం సైజుకి ఎన్ని రెట్లు లైను ఎత్తు ఉండాలన్నది) 1.1, 1.2 పెడతారు, వాళ్లకి కిందికి దిగే అక్షరాలు నాలుగైదే. మనకి "స్త్రీ", "లక్ష్మి" లాంటివి పైకీ కిందికీ పాకుతాయి కాబట్టి 1.5 కంటే తగ్గించొద్దు, ఫాంటును బట్టి 1.6 పెట్టు. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) ఏమైనా ఇచ్చి ఉంటే సున్నా చెయ్యి, తెలుగు మాట పళ్లు ఊడిన నోరులా కనిపించేది దానివల్లే. అప్పటికీ తెగుతుంటే ఆ హెడింగ్ ఉన్న డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే బయటికొచ్చింది దాచేసే సెట్టింగ్, పెట్టారేమో చూడు.

ఫాంటు ఏది ఉంది? ఇలాంటి థీముల్లో ఎక్కువగా పాపిన్స్ గానీ మోంట్‌సెర్రాట్ గానీ ఉంటుంది, వాటిలో తెలుగు అక్షరాలే లేవు. అప్పుడు ఏ ఫోన్‌లో ఏ తెలుగు ఫాంటు ఉంటే అది వస్తుంది, నీ ఫోన్‌లో ఒకలా, మీ నాన్నగారి ఫోన్‌లో ఇంకోలా. గూగుల్ ఫాంట్స్‌లో మన ఊరి పేరుతోనే హింద్ గుంటూరు అని ఉంది, లైట్ నుంచి బోల్డ్ దాకా 5 మందాలు, చదవడానికి హాయిగా ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు కూడా మంచిదే. రామభద్ర, మండలి లాంటివి అందంగా ఉంటాయి కానీ ఒక్కొక్కటీ ఒకే మందంలో ఉంటుంది, థీమ్ హెడింగ్‌కి బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనంతట తాను లావు చేసేసి అక్షరాల్లో సందులు పూడ్చేస్తుంది. అవి వాడితే వెయిట్ (మందం) 400, అంటే మామూలు మందం, అని రాసిపెట్టు.

పేజ్‌మేకర్ మేటర్ 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో ఉంటుంది, అది యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగారనుకో. కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి, మార్చాక ప్రతి పేరూ కళ్లతో చదవాలి, ఒత్తులు ఎక్కడో ఒకచోట జారతాయి. పది లైన్లే అయితే ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయించుకోవడం నయం.

ఫోటోలకి, నువ్వు వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాల ప్లగిన్) వాడుతుంటే వర్డ్‌ప్రెస్ కస్టమైజ్ మెనూలో ప్రోడక్ట్ ఇమేజెస్ దగ్గర 1:1 (చతురస్రం) ఉంటుంది, దాన్ని అన్‌క్రాప్డ్ (కోయకుండా) చెయ్యి. మామూలు గ్యాలరీ అయితే సిఎస్ఎస్‌లో (సైటు రూపం చెప్పే కోడ్) ఆబ్జెక్ట్ ఫిట్ కవర్ అని ఉన్నచోట కంటెయిన్ పెట్టు. ఆయన తల ఆయనకొచ్చేస్తుంది.

ఇక అప్‌డేట్. థీమ్ సొంత ఫైళ్లలో చెయ్యి పెట్టకూడదు, చైల్డ్ థీమ్ చేసుకోవాలి, అంటే అసలు థీమ్ మీద ఆధారపడుతూ నీ మార్పులు విడిగా దాచే చిన్న థీమ్. కొత్త ఫోల్డరులో ఒక స్టైల్ ఫైలు, ఒక ఫంక్షన్స్ ఫైలు ఉంటే మొదలుపెట్టొచ్చు. స్టైల్ ఫైలు పైన టెంప్లేట్ అనే లైన్లో అసలు థీమ్ ఫోల్డరు పేరు అక్షరం తేడా లేకుండా రాయాలి. రంగులు, లైన్ హైట్లు మాత్రమే అయితే కస్టమైజ్‌లో ఎడిషనల్ సిఎస్ఎస్ చాలు, అప్‌డేట్‌కి పోదు. కానీ అది ఏ థీమ్‌లో రాస్తే ఆ థీమ్‌కే కట్టుబడి ఉంటుంది, థీమ్ మారిస్తే కనపడదు, వేరే కాపీ దాచుకో.

వన్‌టౌన్_వ్యాపారి:

నాదో డౌటు, అసలు సైటు దేనికి బ్రో? కార్డు అనేది చేత్తో పట్టుకుని, గీరి, వాసన చూసి కొనే వస్తువు. మాది చీరల హోల్‌సేల్, వాట్సాప్ కేటలాగ్, ఇన్‌స్టా, అంతే, జరిగిపోతోంది.

గవర్నర్‌పేట_కార్డులు:

అన్నా అది నిజమే, కొనడం షాపులోనే కొంటారు. కానీ తెనాలి నుంచి, నూజివీడు నుంచి వచ్చేవాళ్లు ముందే ఇంట్లో అందరికీ చూపించి నాలుగు నంబర్లు రాసుకొస్తే మాకు అరపూట కలిసొస్తుంది. వాట్సాప్‌లో ఇప్పుడు రోజూ అవే 40 ఫోటోలు పంపుతూ కూర్చుంటున్నా.

వన్‌టౌన్_వ్యాపారి:

అలా అయితే కార్ట్ తీసి పారెయ్. డెమోలో ఉంది కదా అని బుట్ట గుర్తు, కూపన్లు, రివ్యూ చుక్కలు అన్నీ ఉంచేస్తారు జనం. ప్రతి కార్డు కింద నంబరు, 100 కి ఇంత, 500 కి ఇంత, ఒక వాట్సాప్ బటన్. చాలు.

పటమట_అక్క:

పై ఇద్దరూ చెప్పింది బాగుంది, నేను ఎవరూ ఎత్తని విషయం చెప్తా. కొన్న థీమ్ అన్నావు, ఎక్కడ కొన్నావు? నా బొటిక్ సైటుకి ఒకబ్బాయి తక్కువలో చేస్తానని అసలు ధర చాలా ఉన్న థీమ్‌ని "ఫ్రీగా దొరికింది మేడమ్" అని పెట్టాడు. మూడు నెలలకి గూగుల్‌లో మా షాపు పేరు కొడితే కింద రమ్మీ సైటు వివరాలు. ఫుటర్‌లో కంటికి కనపడకుండా లింకులు దూర్చి ఉన్నాయి. అంతా చెరిపి మళ్లీ కట్టించుకున్నా, అప్పుడు పోయిన నిద్ర ఇప్పటికీ రాలేదు. థీములు అమ్మే థీమ్‌ఫారెస్ట్ సైటులో రెగ్యులర్ లైసెన్స్ కొంటే ఒక్క సైటుకే వాడాలి, సపోర్ట్ 6 నెలలు వస్తుంది. నీ రసీదు, లైసెన్స్ కోడ్ నీ మెయిల్‌లో ఉండాలి, చేసిపెట్టినవాడి మెయిల్‌లో కాదు.

డబ్బులు పెట్టకూడదనుకుంటే వర్డ్‌ప్రెస్ వాళ్ల సొంత డైరెక్టరీలో ఉచిత థీములు వేలున్నాయి. డెమో చూడటం మాని, నీ కార్డు ఫోటోలు ఆరు, ఒక పొడుగు తెలుగు హెడింగు పెట్టి చూడు, ఫోన్‌లోనే చూడు. పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకోటి, ఫోటోలు ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు నాన్నా, గోల్డ్ ఫాయిల్ మీద తెల్ల గీత పడుతుంది. పొద్దున పూట గుమ్మం దగ్గర నీడలో తియ్యి. ఫోన్ ఫోటో తిన్నగా ఎక్కిస్తే ఒక్కోటి 4 ఎంబీ ఉంటుంది, వెడల్పు 1200 పిక్సెళ్లు చేసి వెబ్‌పీలో (సైజు తక్కువుండే ఫోటో ఫార్మాట్) పెట్టు, వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి తీసుకుంటుంది.

గవర్నర్‌పేట_కార్డులు:

రెండు రోజులు పట్టింది, చెప్పిపోదామని వచ్చా. థీమ్ మార్చలేదు. చైల్డ్ థీమ్ చేశా, మొదటిసారి ఫోల్డరు పేరులో పెద్ద అక్షరం పడి తెరుచుకోలేదు, తర్వాత కుదిరింది. హింద్ గుంటూరు పెట్టా, లైన్ హైట్ 1.6. మొదటి పేజీలో పెద్ద ఫోటో తీసేశా, దాని బదులు ఆరు కార్డులు. రసీదు నా మెయిల్‌లోనే ఉంది అక్కా. వినాయకుడికి తల వచ్చింది, నాన్న శాంతించారు, కాకపోతే ఫోన్ దూరంగా పట్టుకుని చూసి "రేట్లు ఇంకాస్త పెద్దక్షరాల్లో వెయ్" అన్నారు.

ఒక్కటే మిగిలింది, వాట్సాప్ బటన్ నొక్కితే నంబరు తప్పు అంటోంది. నంబరు కరెక్టే.

వన్‌టౌన్_వ్యాపారి:

ముందు 91 పెట్టావా? ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీ ఏవీ ఉండకూడదు.

గవర్నర్‌పేట_కార్డులు:

ఖాళీ ఉంది 🤦 తీసేశా, వెళ్తోంది. థాంక్స్ అన్నా.