క్రిప్టో వాలెట్ కంపెనీలు, ఎక్స్చేంజీలు పోలీసులకి మన డేటా ఏమేం ఇస్తాయి? అనుభవం ఉన్నోళ్లు చెప్పండి

పల్నాటి_కుర్రోడు:
మా బావ ఎక్స్చేంజ్ పీటూపీలో (కొనేవాడు నేరుగా అమ్మేవాడికే డబ్బు పంపే పద్ధతి) 62 వేలకి యూఎస్‌డీటీ (డాలర్ విలువకి కట్టిన క్రిప్టో కాయిన్) అమ్మాడు, డబ్బులు అకౌంట్లో పడ్డాయి, పదిహేను రోజులకి బ్యాంకువాళ్లు లియన్ పెట్టేశారు, అంటే డబ్బు తియ్యకుండా ఆపేశారు. ఏంటని అడిగితే వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల కేసంట, కొన్నవాడు పంపింది ఎవర్నో మోసం చేసిన డబ్బంట. ఆ ఎస్సై ఫోన్ చేసి బావ పాన్ నంబరు, ఏ ఊళ్లో లాగిన్ అయ్యాడో అన్నీ చదివి వినిపించాడు. మాకొక్క మాటైనా చెప్పకుండా ఎక్స్చేంజ్ వాళ్లు ఎలా ఇచ్చేస్తారు? మెటామాస్క్ లాంటి, కాయిన్లు మనమే దాచుకునే వాలెట్లు కూడా ఇంతేనా?

పాత_కంప్లయన్స్:
ఒక ఎక్స్చేంజ్‌లో పోలీసు నోటీసులకి జవాబిచ్చే పనే రెండేళ్లు చేశా తమ్ముడూ. పోలీసులు బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 94 కింద నోటీసు పంపిస్తారు, 2024 జులైకి ముందైతే పాత చట్టం సీఆర్‌పీసీ 91. రాగానే మేం చూసేది ఆ మెయిల్ ప్రభుత్వ ఐడీ నుంచే వచ్చిందా, ఎఫ్ఐఆర్ నంబరుందా, సంతకం సీలు ఉన్నాయా, ఏ అడ్రస్ ఏ ట్రాన్సాక్షన్ గురించి అడుగుతున్నారు అని. ఎందుకంటే పోలీసులమని చెప్పి జనాల డేటా లాగుదామని చూసే దొంగలు కూడా నోటీసులు పంపేవాళ్లు. ఫలానా నెలలో వాడినోళ్లందరి వివరాలు ఇవ్వండి అని వస్తే మాత్రం తిప్పి పంపేవాళ్లం, కేసుకి సంబంధించినవే అడగమని. సరైన నోటీసైతే కేవైసీ, బ్యాంక్ అకౌంటు, డిపాజిట్ విత్‌డ్రా అడ్రస్‌లు, లాగిన్ ఐపీలు, పీటూపీ చాట్ అన్నీ వెళ్తాయి. కస్టమర్‌కి చెప్పొద్దని నోటీసులోనే రాసుంటే ఇంక చెప్పలేం. 2023 మార్చి 7 నుంచి ఎక్స్చేంజీలు పీఎంఎల్ఏ (మనీలాండరింగ్ చట్టం) కిందకి వచ్చాయి, ఎఫ్ఐయూలో (అనుమానాస్పద లావాదేవీలు చూసే కేంద్ర సంస్థ) రిజిస్టర్ అవ్వాలి, మీరు అకౌంట్ మూసేసినా ఐదేళ్లు రికార్డు దాచాలి.

మెటామాస్క్ సంగతి వేరే. అందులో కేవైసీ ఉండదు, కాయిన్లు కదిలించే రహస్య కీ కంపెనీ దగ్గర ఉండదు, లేనిదాన్ని ఏ కోర్టు అడిగినా ఇవ్వలేరు కదా. కానీ మామూలుగా అది బ్లాక్‌చెయిన్‌తో కలిపే ఇన్‌ఫ్యూరా అనే సర్వర్ మీదుగా వెళ్తుంది, అక్కడ ఐపీ, వాలెట్ అడ్రస్ పడతాయని 2022లో వాళ్ల ప్రైవసీ పాలసీలోనే రాస్తే పెద్ద గొడవయ్యింది.

జెర్సీ_రావు:
ఇక్కడ అమెరికాలో అయితే 2016లో ఐఆర్ఎస్ (ట్యాక్స్ డిపార్ట్‌మెంట్) వాళ్లు కాయిన్‌బేస్ అనే ఎక్స్చేంజ్‌ని మూడేళ్ల కస్టమర్లందరి డేటా అడిగారు. కంపెనీ కోర్టులో కొట్లాడింది, చివరికి 2017లో ఐఆర్ఎస్సే ఏడాదిలో 20 వేల డాలర్లు దాటినోళ్ల వరకే తగ్గించుకుంది, జడ్జి అడిగిన వివరాలు కూడా తగ్గించి ఇమ్మన్నారు. 2018 ఫిబ్రవరిలో సుమారు 13 వేల మందికి ముందే మెయిల్ పెట్టి మరీ ఇచ్చారు. అలా కొట్లాడే కంపెనీ అంటేనే నాకు గౌరవం.

గోదారి_గట్టు:
అందరూ డేటా ఇచ్చేస్తున్నారని బాధపడుతున్నారు, నాది దానికి పూర్తిగా రివర్స్ అండి, ఎంత తొందరగా ఇస్తే అంత బాగుండు అని ఏడ్చినదాన్ని. టెలిగ్రామ్ టాస్కుల మోసంలో 3 లక్షల 40 వేలు పోయాయి, ఆ రాత్రే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశా, అప్పటికే అది యూఎస్‌డీటీగా మారి ట్రాన్ నెట్‌వర్క్‌లో వెళ్లిపోయింది. యూఎస్‌డీటీ జారీ చేసే టెథర్ కంపెనీ వాళ్లు తల్చుకుంటే ఏ అడ్రస్‌లో ఉన్న యూఎస్‌డీటీనైనా కదలకుండా ఆపగలరు, బిట్‌కాయిన్‌కైతే అలా ఆపే నాథుడే లేడు. కానీ నా బోటి వాళ్లు మెయిల్ పెడితే కాదు, పోలీసులు అడగాలి. మా కేసు చూసే ఆయనకి హ్యాష్ (ఒక్కో ట్రాన్సాక్షన్‌కి ఉండే గుర్తు నంబరు) అంటే ఏంటో తెలీదు పాపం, నేనే తెల్లకాగితం మీద హ్యాష్‌లు, టైములు, ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి వెళ్లిందో వరసగా రాసిచ్చా. అది చూసే నోటీసు పంపించారు. నాలుగో అడ్రస్ ఒక ఎక్స్చేంజ్‌ది అని తేలింది, వాళ్లు కేవైసీ ఇచ్చారు, తీరా చూస్తే ఎవరో కూలి పని చేసుకునే పిల్లాడి పేరు, ఐదు వేలకి అకౌంట్ అద్దెకిచ్చాడంట. అందులో 41 వేలు దొరికాయి. ఆ పిల్లాణ్ణి తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

కోల్డ్_స్టోరేజ్:
లెడ్జర్ (క్రిప్టో కీలు దాచుకునే చిన్న పరికరం) వాడేవాళ్లు ఆ కంపెనీ రికవర్ సర్వీస్ గురించి తెలుసుకోండి, ఇష్టమైతేనే తీసుకునేది అది. సీడ్‌ని (వాలెట్ మళ్లీ తెరవడానికి వాడే రహస్య పదాలు) ఎన్‌క్రిప్ట్ చేసి మూడు ముక్కలుగా మూడు కంపెనీల దగ్గర పెడతారు, మీ ఐడీకి ముడిపెట్టి. ప్రభుత్వం సమన్లు ఇస్తే ఆ ముక్కలు ఇవ్వాల్సి రావచ్చని 2023లో సీఈవోనే ఒప్పుకున్నాడు. తీసుకోకపోతే సీడ్ మీ దగ్గరే ఉంటుంది.

నాంపల్లి_జూనియర్:
పల్నాటి బ్రో, మీ బావగార్ని ఫోన్‌లో వాదించొద్దనండి. పీటూపీ ఆర్డర్ నంబరు, చాట్, బ్యాంక్ స్టేట్‌మెంటు, ఆ కాయిన్లు మొదట ఎక్కడ కొన్నారో, రిటర్న్‌లో చూపించారా, ఇవన్నీ పెట్టి ఆ స్టేషన్‌కి రిజిస్టర్డ్ పోస్టులో, మెయిల్‌లో పంపండి. మొత్తం అకౌంట్ కాకుండా ఆ 62 వేలకే లియన్ ఉంచమని రాతపూర్వకంగా అడగండి. వినకపోతే అక్కడి మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్ఎస్ఎస్ 503 కింద పిటిషన్ వేయొచ్చు.

పల్నాటి_కుర్రోడు:
థాంక్స్ అన్నా. బావ చాట్ డిలీట్ చేసేశాడు, కానీ ఎక్స్చేంజ్ దగ్గర ఉంటుందన్నారుగా, ఇవాళే టికెట్ పెట్టి అడిగాం. గోదారి అక్కా, మీ మిగతా డబ్బు సంగతి ఏమైంది?

గోదారి_గట్టు:
రాలేదు తమ్ముడూ. ఆ 41 వేలకే కోర్టులో వేశాం, వచ్చే నెల వాయిదా ఉంది.